మా ఆయనకు దురదే లేదు, మందు ఎందుకు?

ప్రశ్న: మేడమ్, మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. పేరు వేయకండి. మా బాబు గురుకులంలో ఏడో తరగతి. దసరా సెలవులకు గోక్కుంటూనే వచ్చాడు. పగలు ఫర్వాలేదు, రాత్రి నిద్రే లేదు. మా ఊరి ఆర్‌ఎంపీ సూది వేసి ఒక ట్యూబు ఇచ్చాడు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి రెండింతలైంది. హాస్టల్‌కు పంపితే దీపావళికి ఇంటికి పంపించేసి, పూర్తిగా తగ్గాకే తీసుకురమ్మన్నారు. 'ఇంటి నుంచే తెచ్చాడు' అన్నారట, నాకు తల కొట్టేసినట్టయింది. దీపావళి పోయిన వారానికి నాకు మొదలైంది. ఆ వెనకే రెండేళ్ల పాపకు అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు. టౌన్‌లో డాక్టరు గజ్జి అని చెప్పి పర్‌మెత్రిన్ క్రీము రాశారు. ఒక ట్యూబు కొని ముగ్గురం రాసుకున్నాం. దురద పోలేదని పది రోజులు రోజూ రాశాను. ఇప్పుడు చర్మం మంట. మా ఆయన 'నాకేం లేదు, నేనెందుకు రాసుకోవాలె' అంటాడు. మా అత్తమ్మకూ దురద లేదు. చేతులు, పాదాలు మాత్రం పొట్టు లేచి గరుకైనయి, చలికాలం పగుళ్లని వాజిలిన్ రాస్తున్నం. ఆమెకు షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులకు పొట్లాల మందు ఏడాదిగా వాడుతోంది. వేడి చేసిందని వంకాయ, గోంగూర, చేపలు బంద్ పెట్టించింది. బట్టలన్నీ ఉడకబెట్టాను. పరుపు పారేద్దామా? బాబు వీధికుక్క పిల్లను ఎత్తుకుంటాడు, దాని నుంచా? వచ్చే నెల ఆడబిడ్డ పురుటికి వస్తోంది. మేం మురికిగా ఉండేవాళ్లం కాదు మేడమ్.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాబు కోసం, రెండోసారి మీ అత్తమ్మ కోసం. ఆమె సంగతికి వస్తాను. ముందు మీరు చివర రాసిన మాటకు జవాబు చెప్పాలి, ఎందుకంటే గజ్జి విషయంలో మందు కంటే ముందు అడ్డం పడేది అదే.

రోజుకు రెండు పూటలా స్నానం చేసేవాళ్లకూ గజ్జి వస్తుంది. నాకూ వచ్చింది. హౌస్‌సర్జన్‌గా పిల్లల వార్డులో ఉన్నప్పుడు ఒక పసిబిడ్డను రోజూ ఎత్తుకుని తిరిగేదాన్ని. ఆ డ్యూటీ అయిపోయి, ఆ బిడ్డ ఇంటికి వెళ్లిపోయి, నేను వేరే వార్డుకు మారిన నాలుగైదు వారాలకు వేళ్ల సందుల్లో దురద మొదలైంది. చర్మవ్యాధుల పుస్తకం తలగడ పక్కనే ఉంది. నా రూమ్మేటు 'మెస్సులో వంకాయ ఎక్కువైంది, వేడి చేసిందేమో' అంది. నేనూ నమ్మాను. పది రోజుల తర్వాత ఆమే గోక్కోవడం మొదలుపెట్టాక గానీ ఇద్దరికీ జ్ఞానం రాలేదు. డాక్టర్లయ్యే వాళ్ల తెలివే అంత, మీరు ఏం బాధపడతారు.

సబ్బుతో రుద్దితే పోని కారణం ఏమిటంటే, ఈ పురుగు చర్మం మీద ఉండదు, చర్మంలో ఉంటుంది. పురుగంటే పేనులా, నల్లిలా ఆరు కాళ్లది కాదు. ఎనిమిది కాళ్లది. పశువులకు పట్టే పిడుదులకు, సాలీళ్లకు దాయాది. సార్కోప్టిస్ స్కేబియై అని దాని పేరు. ఆడపురుగు మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. గసగసాల గింజను మూడు ముక్కలు చేయగలిగితే అందులో ఒక ముక్కంత. మగది అందులో సగమే. చర్మం పైపొర ఉంది చూశారా, గోళ్లతో గీరితే తెల్లగా పొట్టు రాలేది, ఆ పొరలోనే అది సొరంగం తవ్వుకుంటుంది. తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజులకు పిల్లలు బయటికొస్తాయి, రెండు వారాలు తిరిగేసరికి అవీ పెద్దవవుతాయి. తల్లి నెల, నెలన్నర, మహా అయితే రెండు నెలలు బతుకుతుంది.

మీ ఇంట్లో భూతద్దం ఉంటే, లేకపోతే ఫోను కెమెరాతో పెద్దది చేసి, బాబు మణికట్టు లోపలివైపు, వేళ్ల సందుల్లో చూడండి. అర సెంటీమీటరు పొడవున, బూడిద రంగులో, పెన్సిల్‌తో వంకరగా గీసినట్టు సన్నటి గీత కనిపిస్తే అదే సొరంగం. కొసన చిన్న చుక్క ఉంటే అదే ఆసామీ. పూర్వం డాక్టర్లు అనుమానం ఉన్నచోట ఫౌంటెన్ పెన్ను సిరా పూసి, స్పిరిట్ దూదితో తుడిచేవారు. చుట్టూ సిరా పోతుంది, సొరంగంలోకి దిగిన సిరా మాత్రం గీతలా మిగిలిపోతుంది. నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ చేస్తాను, గోకుతున్న పిల్లలకు అదొక తమాషా. పారిస్‌లో పెద్దపెద్ద వైద్యులు అసలు ఈ పురుగు ఉందా లేదా అని వాదించుకుంటున్న రోజుల్లో, 1834లో, రెనుచ్చి అనే కోర్సికా ద్వీపపు వైద్య విద్యార్థి సూదిమొనతో దాన్ని బయటికి తీసి అందరికీ చూపించాడు. ఆ విద్య అతనికి కళాశాలలో ఎవరూ నేర్పలేదు, తన ఊళ్లో ఆడవాళ్లు అలా తీస్తుండగా చూశాడు.

ఇప్పుడు మీ ఆయన సంగతి. ఒంటి నిండా దురద ఉందంటే లక్షల పురుగులు ఉన్నాయనుకుంటాం. కాదు. మామూలు గజ్జిలో మనిషి మొత్తం మీద ఉండేవి పది పదిహేను. అయినా ఒళ్లంతా దురద ఎందుకంటే, ఆ దురద పురుగు కొరికినందుకు కాదు. పురుగు, దాని గుడ్లు, దాని మలం మన ఒంటికి పడక వచ్చే అలర్జీ అది. ఆ పడకపోవడం అనేది మొదటిసారి వెంటనే రాదు. వచ్చింది పరాయిది అని ఒళ్లు గుర్తుపట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత ఉంది కదా, ఇక్కడ ఆర్నెల్లు కాదు, ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ పురుగు తవ్వుతూనే ఉంటుంది, గుడ్లు పెడుతూనే ఉంటుంది, పక్కన పడుకున్నవాళ్లకు పాకుతూనే ఉంటుంది. ఆ మనిషి మాత్రం 'నాకేం లేదు' అంటాడు. అబద్ధం చెప్పడం లేదు పాపం, ఆయనకు నిజంగానే ఏమీ తెలియదు.

మీ క్యాలెండరే చూడండి. బాబు దసరాకు పది రోజుల ముందు సెలవులకు వచ్చాడనుకుందాం. దసరా నుంచి దీపావళికి ఇరవై రోజులు. దీపావళి పోయిన వారానికి మీకు మొదలైందన్నారు. అంతా కలిపితే ఐదు వారాలు. అంటే వాడు ఇంటికొచ్చిన మొదటి రోజుల్లోనే, నిద్రపట్టక మీ పక్కన చేరి పడుకున్నప్పుడే మీకు ఎక్కింది. మీరు గోక్కోవడం మొదలుపెట్టేనాటికి అది మీ ఒంట్లో నెల రోజుల కాపురం చేసింది. ఆ నెలలో మీ పక్కన పడుకున్నదెవరు? పాప ఒకవైపు. రెండోవైపు ఎవరో నేను రాయక్కర్లేదు.

ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు మళ్లీ ఎక్కితే ఆరు వారాలు పట్టదు, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే దురద మొదలవుతుంది. ఒళ్లు ఈసారి దొంగను గుర్తుపట్టేస్తుంది. కాబట్టి మీకు, పిల్లలకు తగ్గాక ఆయన దగ్గర్నుంచి మళ్లీ ఎక్కిందనుకోండి, వారం తిరక్కుండానే మొదటికొస్తారు. 'మందు పనిచేయలేదు' అంటారు. మందు పనిచేసింది, మనుషులే మిగిలిపోయారు.

ఇది నా ఊహ కాదు. ఫిజీ దీవుల్లో 2012లో ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. కొన్నిచోట్ల మామూలుగా మనం చేసేట్టు, గజ్జి ఉన్నవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు మందిచ్చారు. ఇంకోచోట దురద ఉందా లేదా అని చూడకుండా ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే మొదటిచోట గజ్జి నూటికి 37 మంది నుంచి 19కి తగ్గింది. అందరికీ ఇచ్చినచోట 32 నుంచి 2కు పడిపోయింది. మీ ఇల్లే ఒక చిన్న దీవి అనుకోండి. ఈ లెక్క మీ ఆయనకు చదివి వినిపించండి.

ఎలా అంటుకుంటుందన్నది మీ అసలు ప్రశ్న. ఈ పురుగుకు రెక్కలు లేవు, ఎగరలేదు, దూకలేదు. పాకుతుంది, అదీ వెచ్చటి చర్మం మీద నిమిషానికి రెండున్నర సెంటీమీటర్లు. కాబట్టి దానికి కావలసింది చర్మానికి చర్మం కాసేపు ఆని ఉండటం. చేయి కలిపితేనో, బస్సులో పక్కన కూర్చుంటేనో సాధారణంగా రాదు. ఒకే చాప మీద పడుకోవడం, పిల్లను గంటల తరబడి ఎత్తుకోవడం, భార్యాభర్తల సాన్నిహిత్యం, హాస్టల్లో చలికి ఇద్దరు ఒకే దుప్పటి కప్పుకోవడం, ఇవి చాలు. తువ్వాళ్లు, చొక్కాలు మార్చుకోవడం వల్ల కొంత రావచ్చు గానీ అది చిన్నదారి.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కెనెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త దీన్నే తేల్చాలని కూర్చున్నాడు. అప్పటిదాకా దుప్పట్లే దోషులనుకుని సైన్యంలో వాటిని శుద్ధి చేయడానికి తెగ ఖర్చు పెట్టేవారు. యుద్ధంలో తుపాకీ పట్టబోమన్న కొందరు యువకులు ఆయన ప్రయోగానికి ముందుకొచ్చారు. గజ్జి ఉన్న సైనికులు కప్పుకున్న దుప్పట్లనే ఉతక్కుండా వీళ్లు ఒంటిమీద నూలుపోగు లేకుండా కప్పుకుని పడుకున్నారు. దాదాపు ఎవరికీ రాలేదు. గజ్జి ఉన్న మనిషి పక్కన అదే మంచం మీద పడుకుంటే వచ్చింది. వాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

అందుకని పరుపు పారేయకండి. మనిషి ఒళ్లు దొరక్కపోతే ఈ పురుగు మన ఇళ్ల వాతావరణంలో రెండు మూడు రోజులకు మించి బతకదు. గత మూడు రోజుల్లో వాడిన దుప్పట్లు, తలగడ గలేబులు, తువ్వాళ్లు, ఒంటి బట్టలు బాగా వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో వేయండి. 50 డిగ్రీల వేడిలో పది నిమిషాలుంటే చస్తుంది, సలసల కాగనక్కర్లేదు. బొంతలు, స్వెట్టర్లు, ఉతకలేనివి సంచిలో మూతిబిగించి వారం పక్కన పడేయండి. పరుపును ఎండలో వేసి, ఉతికిన దుప్పటి పరిస్తే సరిపోతుంది. మీరు బట్టలు ఉడకబెట్టడానికి పడ్డ కష్టంలో సగం మీ ఆయన్ని ఒప్పించడానికి పడి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదేమో.

కుక్కపిల్లను నిందించకండి. కుక్కల గజ్జి పురుగు వేరే రకం. మన ఒంటి మీదికి వస్తే కొన్నాళ్లు దురద పెడుతుంది గానీ మన చర్మంలో కాపురం పెట్టి పిల్లల్ని కనలేదు. దానికి వెంట్రుకలు ఊడి దద్దుర్లుంటే పశువుల డాక్టరుకు చూపించండి, అది దాని మంచికి. వంకాయ, గోంగూర, చేపలు ఈ రోజే వండుకోండి. పురుగుకు మీ కూరతో పని లేదు. ఎదిగే పిల్లలకు నెలన్నరగా చేప లేకుండా చేశారు, నాకు అదే బాధ.

మందు ఎక్కడ తప్పిందో చూద్దాం. ఆర్‌ఎంపీ ఇచ్చిన ట్యూబు పేరు మీరు రాయలేదు. నాలుగు రోజులు తగ్గి రెండింతలైందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. మన మందుల షాపుల్లో తామరకూ గజ్జికీ మొటిమలకూ ఒకటే అన్నట్టు మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు దొరుకుతాయి. స్టెరాయిడ్ అలర్జీని అణచి దురద తగ్గిస్తుంది, పురుగును ఏమీ చేయదు. కుక్క నోరు కట్టేసి దొంగను ఇంట్లో వదిలేసినట్టు. దద్దుర్ల రూపం కూడా మారిపోయి, తర్వాత చూసే డాక్టరుకు గజ్జి అని గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఆ ట్యూబు ఇంకా ఉంటే అవతల పారేయండి.

టౌన్ డాక్టరు చీటీలో రాసింది సరైన మందే. మీరు ఒంటికి రాసుకున్న తీరులోనే పొరపాటు. ఈ ట్యూబులు ఎక్కువగా 30 గ్రాములవి వస్తాయి. పెద్దవాళ్లకు మెడ నుంచి అరికాలి దాకా ఒక్కసారి రాయడానికే దాదాపు ఒక ట్యూబు కావాలి. మీరు ఒకే ట్యూబును ముగ్గురికి పదిరోజులు సరిపెట్టారు. అంటే దురద ఉన్నచోట మాత్రమే చుక్కలు పెట్టారన్నమాట. దురద ఉన్నచోటే పురుగు ఉండాలని లేదు. దురద ఉన్నా లేకున్నా ఇంట్లో ఐదుగురూ ఒకే రాత్రి రాసుకోవాలి, వారానికి మళ్లీ ఒక రాత్రి. పెద్దవాళ్లు ముగ్గురికి మూడు, బాబుకు ఒకటి, పాపకు సగం, ఇల్లంతటికీ కలిపి ఒక రాత్రికి నాలుగున్నర ట్యూబులు, రెండు రాత్రులకు తొమ్మిది. ఖర్చే, కాదనను. ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి, ఉంటే అక్కడే ఇస్తారు.

ఆ రాత్రి ఎలా రాయాలో కొంచెం వివరంగా చెబుతాను. చర్మం చల్లగా, పొడిగా ఉండాలి, వేడినీళ్ల స్నానం చేసి వెంటనే రాయకూడదు. గోళ్లు కత్తిరించి, గోళ్ల కిందా పాత బ్రష్‌తో రాయండి. బాబుకు మొలతాడు ఉంటే తీసేయండి లేదా జరిపి దాని కింద రాయండి, నడుము చుట్టూ మొలతాడు గీత పురుగుకు ఇష్టమైన చోటు. మీకు గాజులు పైకి జరిపి మణికట్టు, మెట్టెలు తీసి వేళ్ల సందులు, పుస్తెలతాడు కింద మెడ, చంకలు, రొమ్ముల కింద, చనుమొనల చుట్టూ, బొడ్డులో, పిరుదుల మధ్య, మర్మస్థానాల మీద. సిగ్గుపడి వదిలేసిన చోటే మిగిలిపోతుంది. మగవాళ్లకు ఆ చోట గట్టి బుడిపెలు కూడా వస్తాయి, ఎవరికీ చెప్పుకోరు. పాపకు తల, చెవుల వెనక, ముఖం కూడా రాయాలి, కళ్లు, నోటి చుట్టూ వదిలేసి. చిన్నపిల్లలకు అరచేతుల్లో, అరికాళ్లలో రావడం మామూలే, అక్కడా రాయండి. చేయి నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి చేతులకు ఉతికిన సాక్సులు తొడగండి. ఇంకా మీ పాలు తాగుతుంటే, పట్టే ముందు చనుమొనలు కడిగి, పట్టాక మళ్లీ రాసుకోండి.

రాత్రి తొమ్మిదింటికి రాస్తే పొద్దున ఏడింటికి స్నానం. ఎనిమిది గంటలకు తక్కువ, పద్నాలుగు గంటలకు ఎక్కువ కాకుండా చూసుకోండి. ఇక్కడ ఆడవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఒళ్లంతా రాసుకుని, గిన్నెలు మిగిలాయని వెళ్లి తోముతారు. చేతుల మీద మందంతా సింకులోకి పోతుంది. పురుగు ఎక్కువగా ఉండేదేమో చేతుల్లోనే. పనంతా అయ్యాకే రాసుకోండి, తర్వాత చేతులు తడిస్తే మళ్లీ రాయండి.

సరిగ్గా వారానికి ఇదంతా ఇంకోసారి. గుడ్లలో కొన్ని మొదటిసారి తప్పించుకుంటాయి. వారానికి అవి పిల్లలై ఉంటాయి, గుడ్లు పెట్టే వయసు ఇంకా రాదు. అప్పుడు రెండో దెబ్బ. ఈ రెండు రాత్రుల మధ్య రోజూ రాస్తే లాభం లేదు, మీకు జరిగినట్టు చర్మం మండి, మంట వల్ల దురద, దురద పోలేదని మళ్లీ మందు. ప్రస్తుతానికి ఆపేసి రెండు మూడు రోజులు కొబ్బరినూనె రాయండి.

ముందే చెబుతున్నాను, రెండు రాత్రులూ సరిగ్గా చేశాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. పురుగులు చచ్చినా వాటి శవాలు, గుడ్ల డిప్పలు ఆ సొరంగాల్లోనే ఉంటాయి. చర్మం పొట్టుతో పాటు అవి రాలిపోయేదాకా ఒళ్లు మొరుగుతూనే ఉంటుంది. దురదకు డాక్టరు మాత్రలు రాస్తారు, అవి వేసుకుని ఓపిక పట్టండి. నెల దాటినా కొత్త గీతలు, కొత్త పొక్కులు వస్తుంటే మాత్రం మళ్లీ చూపించుకోవాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రలూ ఉన్నాయి, కరోనా రోజుల్లో పనికిరాని చోట పేరు మోసినవి. గజ్జికి నిజంగానే పనికొస్తాయి. బరువును బట్టి ఇస్తారు, 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. సొంతంగా కొని వేసుకోకండి.

ఇక మీ అత్తమ్మ. దురద లేదు, చేతులు, పాదాలు పొట్టు లేచి గరుకుగా ఉన్నాయి, షుగర్, ఏడాదిగా పొట్లాల మందు. మీరు దారిన పోతూ చెప్పినట్టు రాసిన ఈ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. పేరు, కవరు లేని మోకాళ్ల మందుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం చాలామందిలో చూశాను. పొట్లం వేసుకున్న రోజునే నొప్పి మాయమైందంటే అనుమానించాల్సిందే. వయసు పైబడి, ఒంట్లో ఎదురు తిరిగే శక్తి తగ్గినవాళ్లకు గజ్జి ఎక్కితే ఒక్కోసారి వేరే రూపం తీసుకుంటుంది. ఒళ్లు మొరగదు కాబట్టి దురద ఉండదు లేదా కొంచెమే ఉంటుంది. గోకరు కాబట్టి పురుగు చావదు. పది పదిహేను ఉండాల్సినవి వేలు, లక్షలవుతాయి. చర్మం మందంగా, బెరడులా, పొట్టు రాలుతూ ఉంటుంది. గోళ్లు కూడా దళసరి కావచ్చు. అందరూ పగుళ్లనో సోరియాసిస్ అనో అనుకుంటారు. దీన్ని పెచ్చుల గజ్జి అనవచ్చు. ఇందులో రాలే పొట్టులోనూ పురుగులుంటాయి, కాబట్టి ఇంతకుముందు పరుపు గురించి చెప్పిన ధీమా ఈ ఒక్క రకానికి చెల్లదు. ఆమె కుర్చీ, చాప, చెప్పులు అన్నిటినీ శుభ్రం చేయాలి, గదిని రోజూ తడిగుడ్డతో తుడవాలి.

ఆమెకు అదే ఉందని ఉత్తరం చూసి నేను చెప్పలేను. నిజంగా చలికాలం పగుళ్లే కావచ్చు. కానీ పెచ్చుల గజ్జే అయితే మిగతా నలుగురూ ఎన్నిసార్లు రాసుకున్నా తిరిగి ఆమె దగ్గర్నుంచే వస్తుంది. కాబట్టి ముందు ఆమెను చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. కొంచెం పొట్టు గీరి మైక్రోస్కోప్ కింద పెడితే నిమిషాల్లో తేలిపోతుంది. పెచ్చుల గజ్జి అయితే క్రీముతో పాటు మాత్రలు కూడా, రోజుల లెక్కన ఎక్కువ డోసులు ఇస్తారు. ఆ పొట్లాలు కూడా తీసుకెళ్లి చూపించండి. స్టెరాయిడ్ అని నేను భయపెట్టానని ఒక్కసారిగా మాన్పించకండి. ఏడాదిగా అలవాటైన ఒంటికి అది హఠాత్తుగా ఆపితే ప్రమాదం, డాక్టరు మెల్లగా తగ్గిస్తారు.

బాబుకు గోకిన చోట చీము పట్టి ఉంటే దానికి వేరే మందు కావాలి. గోళ్ల గాట్లలోంచి దూరే బ్యాక్టీరియా కొన్నిసార్లు పుండ్లు పడ్డ కొన్ని వారాలకు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పొద్దున లేచేసరికి ముఖం, కళ్ల కింద ఉబ్బినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గజ్జిని 'దురదే కదా' అని వదిలేయకూడదనేది ఇందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఆడబిడ్డకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. దాచి పిలిస్తే తర్వాత ఆ మాట పదేళ్లు ఉంటుంది. అత్తమ్మ సంగతి తేలి, ఇంట్లో రెండో రాత్రి కూడా అయ్యాక రావడం మంచిది. ఈలోపే రావాల్సి వస్తే వేరే గది, వేరే పక్క. ఒకవేళ ఆమెకు ఎక్కినా పర్‌మెత్రిన్ క్రీము గర్భిణులకు వాడతారు, ఆమె డాక్టరుకు చెప్పి రాసుకోవాలి.

హాస్టల్ సంగతి. ఇంటి నుంచి తెచ్చాడా, అక్కడే అంటుకుందా అన్న పంచాయితీ తెగదు, తెగినా ఎవరికీ తగ్గదు. మొదటి రాత్రి సరిగ్గా రాసి, పొద్దున స్నానం చేయించాక బాబు బడికి పోవచ్చు, 'పూర్తిగా దురద పోయేదాకా' ఆగితే నెల పోతుంది. కానీ వాడొక్కడే తగ్గి, పక్క మంచం పిల్లాడు గోక్కుంటూ ఉంటే మళ్లీ సంక్రాంతికి మనం మాట్లాడుకోవాల్సిందే. మీరే వెళ్లి ప్రిన్సిపాల్‌ను, అక్కడి నర్సును కలవండి. ఆ డార్మిటరీలో పిల్లలందరికీ ఒకే రాత్రి మందు రాయించమని, వారానికి మళ్లీ రాయించమని అడగండి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు బడులకు వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి చెప్పినా వాళ్లు చూస్తారు. గొడవకు వచ్చినట్టు కాకుండా ఈ కాగితం పట్టుకుని వెళ్లండి, నా మాటగా చెప్పండి.

మీ వరుస ఇది: ఈ రెండు మూడు రోజుల్లో అత్తమ్మను చూపించి, ఆ చీటీలోనే ఇంట్లో ఐదుగురికీ కావలసిన ట్యూబులు రాయించుకోండి. శనివారం రాత్రి అయితే నయం, మర్నాడు బట్టలు ఉతకడానికి రోజంతా ఉంటుంది. వచ్చే శనివారం రెండోది. ఆ రాత్రి మీ ఆయన పొలం నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా రాయకుండా పడుకోనివ్వకండి. ఎవరి వీపు వాళ్లకు అందదు. ఆయన వీపుకు మీరు రాయండి, మీ వీపుకు ఆయన చేత రాయించుకోండి.